అమోనియం క్లోరైడ్ ముందెందుకు వేయాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నల్గొండ జిల్లా. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. మొన్న ల్యాబ్‌లో సాల్ట్ అనాలసిస్ (ఇచ్చిన ఉప్పులో ఏ అయాన్లున్నాయో గ్రూపులవారీగా కనిపెట్టే పరీక్ష) చేస్తూ మూడో గ్రూపులో అమోనియం క్లోరైడ్ వేయడం మరిచిపోయి, నేరుగా అమోనియం హైడ్రాక్సైడ్ పోశాను. తెల్లటి అవక్షేపం వచ్చింది. అల్యూమినియంని ధ్రువీకరించే లేక్ టెస్ట్ సరిగ్గా రాలేదు. అయినా అల్యూమినియం అని రాసేశాను. తీరా చూస్తే నాకిచ్చింది మెగ్నీషియం సల్ఫేట్. సార్ కోప్పడ్డారు గానీ ఎందుకలా వచ్చిందో చెప్పలేదు. అసలు అయానిక సమతాస్థితి అంటేనే నాకు భయం. హెండర్సన్ సూత్రం నోటికి వచ్చు, ఏ లెక్కలో వాడాలో తెలియదు. ద్రావణీయతా లబ్ధం తక్కువ ఉంటే తక్కువ కరుగుతుందని రాస్తే తప్పన్నారు. ఇంకో సందేహం. కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లలో కరగదని పుస్తకంలో ఉంది. మరి మా ఊరి బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎట్లా వచ్చింది? ఎప్‌సెట్‌కి ఈ చాప్టర్ వదిలేద్దామా అనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: వదిలేయొద్దు తల్లీ. ఫ్లోరైడ్ గురించి నువ్వడిగిన ప్రశ్న ఈ పాఠాన్ని బాగా చదివినవాళ్లకు కూడా అంత తేలిగ్గా తట్టదు. నీకు లోపించింది తెలివి కాదు. బఫర్ ఒక పాఠం, ద్రావణీయతా లబ్ధం ఇంకో పాఠం అన్నట్టు నీకు విడివిడిగా చెప్పారు. అవి రెండూ ఒకేచోట కలిసి పనిచేయడం నువ్వు చూసింది ఆ ల్యాబ్‌లోనే, అదీ పొరపాటున. కాబట్టి ముందు ఆ టెస్ట్ ట్యూబ్ దగ్గరికే వెళ్దాం.

అమోనియం హైడ్రాక్సైడ్ అని లేబుల్ ఉన్న సీసాలో ఉండేది నీళ్లలో కరిగిన అమోనియా. అది బలహీన క్షారం. అందులో చాలా కొద్ది భాగమే నీటితో చర్య జరిపి అమోనియం అయాన్‌నీ, హైడ్రాక్సైడ్ అయాన్‌నీ ఇస్తుంది. లెక్క తేలిక కోసం నీ ట్యూబ్‌లో అమోనియా 0.1 మోలార్ ఉందనుకుందాం. దాని అయనీకరణ స్థిరాంకం 1.8×10⁻⁵. రెండూ గుణించి వర్గమూలం తీస్తే హైడ్రాక్సైడ్ గాఢత 1.34×10⁻³ మోలార్ వస్తుంది. అంటే పీహెచ్ 11 దాటింది.

ఇప్పుడు ట్యూబ్‌లో మెగ్నీషియం అయాన్లు 0.01 మోలార్ ఉన్నాయనుకో. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అవక్షేపించాలంటే మెగ్నీషియం గాఢతను హైడ్రాక్సైడ్ గాఢత వర్గంతో గుణిస్తే వచ్చే అయానిక లబ్ధం, దాని ద్రావణీయతా లబ్ధం, అంటే ద్రావణం పట్టుకోగల హద్దు, 1.8×10⁻¹¹ కంటే ఎక్కువ ఉండాలి. గుణించి చూడు: 0.01ని 1.8×10⁻⁶తో గుణిస్తే 1.8×10⁻⁸. కావలసినదానికి వెయ్యి రెట్లు. తెల్లగా పడక ఏం చేస్తుంది? నువ్వు చూసిన అవక్షేపం అబద్ధం కాదు. అది మెగ్నీషియం హైడ్రాక్సైడ్. కాకపోతే మూడో గ్రూపులో కనిపించకూడని చోట కనిపించింది.

అదే ట్యూబ్‌లో ముందుగా అమోనియం క్లోరైడ్ వేసి, అమోనియం అయాన్ల గాఢత 1 మోలార్‌కి తెచ్చావనుకో. ఇది బలమైన విద్యుద్విశ్లేష్యం, మొత్తం అయాన్లుగా విడిపోతుంది. ఇంత అమోనియం అయాన్ అప్పటికే కాచుకుని ఉంటే అమోనియా ఇంకా అమోనియంగా మారడానికి జంకుతుంది. సమతాస్థితి వెనక్కి జరుగుతుంది. దీన్నే ఉమ్మడి అయాన్ ప్రభావం అంటారు. హైడ్రాక్సైడ్ గాఢత ఇప్పుడు 1.8×10⁻⁵ని 0.1తో గుణించి 1తో భాగించినంత, అంటే 1.8×10⁻⁶. ఇందాకటితో పోలిస్తే సుమారు 750 రెట్లు తగ్గింది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌లో హైడ్రాక్సైడ్ వర్గం అవుతుంది కాబట్టి అక్కడ తగ్గుదల 750 కాదు, అయిదున్నర లక్షల రెట్లు. అయానిక లబ్ధం 3.2×10⁻¹⁴కి దిగిపోయింది. ద్రావణీయతా లబ్ధం కంటే అయిదు వందల రెట్లు తక్కువ. ట్యూబ్ నీళ్లలా తేటగా ఉండిపోతుంది.

మరి అల్యూమినియం సంగతి? అల్యూమినియం హైడ్రాక్సైడ్ ద్రావణీయతా లబ్ధం 1.3×10⁻³³. ఆ కొద్దిపాటి హైడ్రాక్సైడ్‌నే ఘనం చేసి 0.01తో గుణించినా 5.8×10⁻²⁰ వస్తుంది. ఇది కావలసినదానికి పదమూడు పద్నాలుగు సున్నాలంత ఎక్కువ. అంటే అమోనియం క్లోరైడ్ వేసినా అల్యూమినియం పడితీరుతుంది. ఇనుము, క్రోమియం కూడా అంతే. మెగ్నీషియం మాత్రం ద్రావణంలోనే మిగిలి ఆరో గ్రూపు దాకా ప్రయాణిస్తుంది. ఇదీ అమోనియం క్లోరైడ్ చేసే పని. అవక్షేపం రప్పించడానికి కాదు దాన్ని వేసేది, రాకూడనిదాన్ని ఆపడానికి.

ఇక్కడ నిన్ను ఒక ప్రశ్న అడుగుతాను. హైడ్రాక్సైడ్ ఉన్నది 1.8×10⁻⁶ మోలార్ మాత్రమే కదా. 0.01 మోలార్ అల్యూమినియం మొత్తం పడాలంటే దానికి మూడింతలు, అంటే 0.03 మోలార్ హైడ్రాక్సైడ్ కావాలి. లేనిది ఎక్కడినుంచి వస్తుంది?

కాసేపు ఆలోచించాకే కింద చదువు. ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే నీకు బఫర్ అర్థమైనట్టే.

మీ ఊరి చెరువు తూము గుర్తు తెచ్చుకో. కాలువలో పారే నీళ్లు జానెడు లోతే ఉంటాయి. ఆ జానెడు నీళ్లే పొలానికి పారి, ఇంకి, మళ్లీ వస్తూనే ఉంటాయి. వెనక చెరువు ఉంది కాబట్టి. ట్యూబ్‌లోని హైడ్రాక్సైడ్ ఆ కాలువ నీరు. విడిపోకుండా నిలవున్న అమోనియా చెరువు. అల్యూమినియం ఒక్కో హైడ్రాక్సైడ్‌ని లాక్కున్నప్పుడల్లా అమోనియా ఇంకొకదాన్ని ఇస్తుంది. లెక్కవేసి చూడు: 0.03 మోలార్ ఖర్చయ్యాక అమోనియా 0.07 మిగులుతుంది, అమోనియం 1.03 అవుతుంది. హైడ్రాక్సైడ్ 1.8×10⁻⁶ నుంచి 1.2×10⁻⁶కి దిగుతుంది, అంతే. ఇచ్చిందేమో వేల రెట్లు, తగ్గింది మూడో వంతు. ఈ నిలకడ పేరే బఫర్. నిలవ ఎక్కువ, బయటికి వదిలేది తక్కువ, వదిలే మట్టాన్ని నిర్ణయించేది అమోనియా, అమోనియంల నిష్పత్తి.

దీని బదులు సోడియం హైడ్రాక్సైడ్‌ని పలచగా కలిపి అదే 1.8×10⁻⁶ గాఢతకి తెచ్చావనుకో, దాని వెనక చెరువు లేదు. అల్యూమినియం మొదటి గుక్కలోనే అంతా తాగేస్తుంది, ఇంకేమీ పడదు. పోనీ అని గాఢంగా పోస్తే అల్యూమినియం హైడ్రాక్సైడ్ పడి, మళ్లీ అల్యూమినేట్‌గా మారి కరిగిపోతుంది. అది ఆమ్లంలోనూ, బలమైన క్షారంలోనూ కరిగే ద్విస్వభావి. అంటే మూడో గ్రూపులో మనం నడవాల్సిన దారికి అటూ ఇటూ గట్లు ఉన్నాయి. ఆ దారి తప్పకుండా నడిపించడానికే బఫర్.

నీ లేక్ టెస్ట్ ఎందుకు కుదరలేదో కూడా ఇప్పుడు నువ్వే చెప్పగలవు. తెల్లటి అవక్షేపాన్ని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించావు. నీలి లిట్మస్ వేశావు, అది ఎర్రబడింది. తర్వాత చుక్క చుక్కగా అమోనియం హైడ్రాక్సైడ్ పోశావు. ఆ ఆమ్లం, ఈ అమోనియా కలిసి ఏమైంది? అమోనియం క్లోరైడ్. నువ్వు ముందు వేయడం మరిచిపోయిన ఉప్పు ఇక్కడ దానంతటదే తయారైంది. అందుకే మెగ్నీషియం ఈసారి పడలేదు. ద్రావణం మొత్తం నీలంగా మారిందే తప్ప, రంగులేని ద్రావణంలో నీలి ముద్ద తేలలేదు. పరీక్ష నీకు నిజమే చెప్పింది. నువ్వు ముందే ఒక జవాబు అనుకుని ఉండటంతో దాని మాట వినలేదు. నా విద్యార్థుల దగ్గర ఎన్నో ఏళ్లుగా నేను చూస్తున్నది ఇదే: ధ్రువీకరణ పరీక్ష రాకపోతే పరీక్షదే తప్పనుకుంటారు. ఇకమీదట అది రాకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లి చూడు.

ఇంకో సంగతి చెప్పాలి. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక ఎండాకాలం మా ల్యాబ్‌లో అల్యూమినియం ఇచ్చినా అవక్షేపం రాలేదు. గంటసేపు కొట్టుకున్నాక తెలిసింది, సీసా మూత సరిగ్గా బిగించక అమోనియా చాలావరకు ఎగిరిపోయి ఉంది. అప్పటినుంచి అమోనియా వాసన స్పష్టంగా వచ్చేదాకా పోయమని పిల్లలకు పదే పదే చెబుతాను. ఆ వాసనే చెరువులో నీళ్లున్నాయనడానికి గుర్తు. సీసాలోకి ముక్కు పెట్టొద్దు, చేత్తో విసురుకుని చూడు.

మిగతా గ్రూపుల్లోనూ ఇదే కథ నడుస్తుంది. రెండో గ్రూపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి సల్ఫైడ్ అయాన్లు అతి తక్కువగా వస్తాయి, కాపర్ లాంటివి మాత్రమే పడతాయి. నాలుగులో అమోనియా ఉంటే సల్ఫైడ్ పెరుగుతుంది, జింక్ పడుతుంది. అయిదో గ్రూపులో కార్బొనేట్‌తో మెగ్నీషియం పడకుండా ఆపేది కూడా అమోనియం అయానే. గ్రూపుల వరస అంతా ఎవరో పెట్టిన ఆచారం కాదు, ఒక అయాన్‌ని ఎంత మట్టంలో ఉంచాలన్న లెక్క.

ఇక హెండర్సన్ సూత్రం: పీహెచ్ = పీకేఏ + లాగ్ (లవణం/ఆమ్లం). పీకేఏ అంటే ఆమ్లం అయనీకరణ స్థిరాంకపు లాగ్‌కి ముందు మైనస్ పెట్టినది. లారెన్స్ హెండర్సన్ 1908లో బఫర్‌లో ఆమ్లం, లవణం నిష్పత్తికీ హైడ్రోజన్ అయాన్‌కీ ఉన్న సంబంధాన్ని రాశాడు. ఆ మరుసటి ఏడు కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ పీహెచ్ అనే కొలతను తెచ్చాడు. 1916లో హాసెల్‌బాక్ ఆ రెండింటినీ కలిపి లాగ్ రూపంలో పెట్టాడు. హెండర్సన్‌కీ, హాసెల్‌బాక్‌కీ ఇద్దరికీ కావలసింది రక్తం గురించి తెలుసుకోవడం. పరీక్షల కోసం పుట్టిన సూత్రం కాదది.

దాన్ని ఎప్పుడు వాడాలో తెలియడం లేదన్నావు. కారణం నాకు తెలుసు. లెక్క చదవగానే నువ్వు సూత్రం కోసం వెతుకుతున్నావు. వెతకాల్సింది గిన్నెలో ఏం మిగిలిందని. ఒకే జత సీసాలతో చేసి చూపిస్తాను. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 50 మి.లీ. తీసుకో. అందులో 5 మిల్లీమోల్‌లు ఉన్నాయి. దీనికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలుపుతూ పోదాం.

ఏమీ కలపకముందు ఉన్నది ఒట్టి బలహీన ఆమ్లం. వర్గమూలం లెక్క చేస్తే పీహెచ్ 2.87. ఇప్పుడు 25 మి.లీ. క్షారం పోశావు, అంటే 2.5 మిల్లీమోల్‌లు. బలమైన క్షారం వచ్చిందంటే అది దొరికిన ఆమ్లంతో పూర్తిగా చర్య జరిపేస్తుంది, అక్కడ సమతాస్థితి గురించి ఆలోచించనక్కర్లేదు. ఆమ్లం 2.5 మిగిలింది, సోడియం ఎసిటేట్ 2.5 పుట్టింది. లెక్కలో బఫర్ అన్న మాటే లేదు, ఎసిటేట్ సీసా ఎవరూ తెరవలేదు. అయినా గిన్నెలో ఇప్పుడున్నది బఫరే. నిష్పత్తి 1, లాగ్ సున్నా, పీహెచ్ అంటే పీకేఏయే, 4.74. హెండర్సన్ పని ఇక్కడ.

క్షారం 50 మి.లీ. పోశావనుకో. ఆమ్లం మొత్తం అయిపోయింది. మిగిలింది 100 మి.లీ.లో 5 మిల్లీమోల్‌ల ఎసిటేట్, అంటే 0.05 మోలార్. హెండర్సన్‌కి ఇక్కడ చోటు లేదు, ఆమ్లం సున్నా అయితే భాగించేదేముంది? ఇది లవణ జలవిశ్లేషణ లెక్క, పీహెచ్ 8.72. మరో 10 మి.లీ. ఎక్కువ పోస్తే 110 మి.లీ.లో 1 మిల్లీమోల్ బలమైన క్షారం మిగులుతుంది. ఎసిటేట్‌ని పట్టించుకోనక్కర్లేదు, పీహెచ్ దాదాపు 11.96.

చూశావా, అవే రెండు సీసాలు, నాలుగు రకాల లెక్కలు. సూత్రాలు నాలుగూ నీకు వచ్చు, ఏది ఎప్పుడన్నదే రాలేదు. అది నిర్ణయించేది ఒక చిన్న పట్టిక: చర్యకు ముందు ఎన్ని మిల్లీమోల్‌లు, చర్య తర్వాత ఎన్ని. రఫ్ పేజీలో రెండు వరుసలు. గాఢతలతో మొదలుపెట్టకు. మోలారిటీని మి.లీ.తో గుణించి మిల్లీమోల్‌లతో మొదలుపెట్టు, బలమైనది ఏదుంటే దాన్ని ముందు ఖర్చు చేయించు, మిగిలినదాన్ని చూసి అప్పుడు సూత్రం ఎంచుకో. పదిహేను రోజులు ప్రతి లెక్కకీ ఈ పట్టిక గీయి. ఎప్‌సెట్‌లో సమయం చాలదని ఎవరైనా అంటే నమ్మకు. దీనికి పట్టేది ఇరవై సెకన్లు. తప్పు సూత్రంతో చేసిన లెక్కకు ఎంత సమయం పోతుందో నీకే తెలుసు.

బఫర్‌లో ఆమ్లం కలిపిన లెక్క కూడా ఇంతే. ఒక లీటర్ ద్రావణంలో ఎసిటిక్ ఆమ్లం 0.1, ఎసిటేట్ 0.1 మోల్ ఉన్నాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం 0.01 మోల్ పోస్తే ఎసిటేట్ 0.09కి తగ్గి, ఆమ్లం 0.11 అవుతుంది. పీహెచ్ 4.74 నుంచి 4.66కి జరుగుతుంది. అదే ఆమ్లం లీటర్ మంచినీళ్లలో పోస్తే 7 నుంచి 2కి పడిపోతుంది. బఫర్‌లో నీళ్లు కలిపితే నిష్పత్తి మారదు కాబట్టి పీహెచ్ కూడా దాదాపు మారదు. చెరువు మాత్రం పలచబడుతుంది, తట్టుకునే శక్తి తగ్గుతుంది. అమోనియా బఫర్ అయితే సూత్రంలో వచ్చేది పీఓహెచ్ (హైడ్రాక్సైడ్ గాఢతకు పీహెచ్ లాంటి కొలత) అని, 14లోంచి తీసేయాలని మరిచిపోకు. పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకునే చోటు అది.

ద్రావణీయతా లబ్ధం సంగతి చిన్నది. సిల్వర్ క్లోరైడ్‌కి 1.8×10⁻¹⁰, సిల్వర్ క్రోమేట్‌కి 1.1×10⁻¹². నువ్వు చెప్పినట్టయితే క్రోమేట్ తక్కువ కరగాలి. కానీ క్లోరైడ్ విడిపోతే రెండు అయాన్లు, క్రోమేట్ విడిపోతే మూడు. మొదటిదానికి వర్గమూలం తీస్తాం, 1.3×10⁻⁵ మోలార్. రెండోదాన్ని నాలుగుతో భాగించి ఘనమూలం తీస్తాం, 6.5×10⁻⁵ మోలార్. క్రోమేటే అయిదు రెట్లు ఎక్కువ కరుగుతోంది. ఒకే రకం అయాన్ల సంఖ్య ఉన్న లవణాల మధ్యనే లబ్ధాలను నేరుగా పోల్చాలి. నీళ్లలో క్లోరైడ్ ఎంతుందో కొలిచే మోర్ టైట్రేషన్ ఈ తేడా మీదే నిలబడింది: సిల్వర్ నైట్రేట్ పోస్తుంటే ముందు తెల్లటి క్లోరైడ్ పడుతుంది, అది అయిపోయాకే ఇటుక ఎరుపు క్రోమేట్ కనిపిస్తుంది.

ఇక మీ ఊరి నీళ్లు. దీనికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను.

కరగదు అనే మాట రసాయన శాస్త్రంలో చాలా అన్యాయంగా వాడే మాట. కాల్షియం ఫ్లోరైడ్ లీటర్ స్వచ్ఛమైన నీటిలో సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది. చెంచాతో వేస్తే అడుగునే ఉండిపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి కరగదంటాం. కానీ ఆ 16 మి.గ్రా.లో ఫ్లోరైడ్ దాదాపు 8 మి.గ్రా. తాగే నీటిలో లీటరుకు 1.5 మి.గ్రా. మించకూడదని ప్రమాణం, 1 మి.గ్రా. లోపు ఉంటే మంచిది. అంటే పుస్తకం కరగదన్నది, ఎముకలకు నాలుగైదు రెట్లు ఎక్కువ కరిగినట్టు. పుస్తకం బీకరు కొలతతో మాట్లాడుతోంది, మీ తాతల మోకాళ్లు వేరే కొలతతో మాట్లాడుతున్నాయి.

మీ జిల్లా కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఇప్పుడు ఉమ్మడి అయాన్ ప్రభావాన్ని తిరగేసి చూడు. నీళ్లలో కాల్షియం లీటరుకు 40 మి.గ్రా. ఉంటే, అంటే 10⁻³ మోలార్, ద్రావణీయతా లబ్ధం 3.5×10⁻¹¹ ప్రకారం ఫ్లోరైడ్ గరిష్ఠంగా 3.6 మి.గ్రా. దగ్గర ఆగాలి. కాల్షియం పదోవంతుకి, 4 మి.గ్రా.కి తగ్గితే? ఫ్లోరైడ్ 11 మి.గ్రా. దాకా పోవచ్చు. కాల్షియం ఉంటే కాపలా ఉన్నట్టు. అది పోతే ఫ్లోరైడ్‌కి అడ్డు లేదు.

ఆ కాల్షియం ఎక్కడికి పోతుంది? రాతినుంచి సోడియం, బైకార్బొనేట్ నీళ్లలోకి చేరతాయి. కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ కలిసి ఒక బఫర్, అది నీటి పీహెచ్‌ని 7కి పైన, 8 దరిదాపుల్లో నిలబెడుతుంది. ఆ మట్టంలో కార్బొనేట్ తగినంత ఉంటుంది, కాల్షియంని కాల్షియం కార్బొనేట్‌గా పడేస్తుంది. పొలాల్లో బావి తవ్వినప్పుడు మట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు చూసి ఉంటావు, అవే. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలల్లో ఇది మరీ ఎక్కువ. కాల్షియం గడ్డల్లో చిక్కుకుపోయింది, నీళ్లలో తగ్గింది, ఫ్లోరైట్ ఇంకాస్త కరిగింది. ఒక అవక్షేపం పడటం వల్ల ఇంకో ఖనిజం కరిగింది, వెనక నడిపించింది ఒక బఫర్. నీ టెస్ట్ ట్యూబ్‌లో జరిగిన కథే, మీ ఊరి కింద ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట నమోదు చేసింది కూడా తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో.

ఇంకా నీకు చెప్పాలని ఆత్రంగా ఉన్న విషయం ఒకటుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో ఈ నీళ్లను శుద్ధి చేసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ గురించి రాసినా మీ జిల్లా పేరుతోనే దాన్ని పిలుస్తారు. అందులో వేసేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. పటికలోని అల్యూమినియం నీళ్లలో అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా పడుతుంది, ఆ దూదిపింజల్లాంటి అవక్షేపం ఫ్లోరైడ్‌ని తనకు అంటించుకుని అడుగుకు చేరుతుంది. నువ్వు మూడో గ్రూపులో వెతికిన అవక్షేపమే ఇది. పటిక నీళ్లలో ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. నీళ్లలోని బైకార్బొనేట్ దాన్ని చాలావరకు మింగేస్తుంది, చాలకపోతే సున్నం సాయపడుతుంది. పీహెచ్ మరీ దిగినా, మరీ పెరిగినా అల్యూమినియం కరిగి నీళ్లలోనే ఉండిపోతుంది. ఇందాక చెప్పిన రెండు గట్లు ఇక్కడా ఉన్నాయి. అందుకే దీన్ని ఇంట్లో అందాజాగా చేయొద్దు. పటిక మోతాదు ఆ నీళ్లలోని ఫ్లోరైడ్, క్షారత కొలిచాకే నిర్ణయించాలి. పేరుకున్న మడ్డిని పారేయడం, నీళ్లలో మిగిలే అల్యూమినియం ఈ పద్ధతికున్న సమస్యలు. నా అభిప్రాయంలో దూరపు నదినుంచి మంచి నీళ్లు తెచ్చి ఇవ్వడమే గట్టి పరిష్కారం, పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తుంటే తాగడానికీ వండడానికీ అవే వాడండి. బోరు నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇది ఇంట్లో అమ్మకు తప్పకుండా చెప్పు.

కొన్ని పాఠ్యపుస్తకాల పట్టికలో కాల్షియం ఫ్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం 5.3×10⁻⁹ అని ఉంటుంది. దాంతో లెక్కిస్తే లీటరుకు 86 మి.గ్రా. కరగాలి, అది కొలిచిన 16 మి.గ్రా.తో కుదరదు. 3.5×10⁻¹¹తో కుదురుతుంది. పరీక్షలో మాత్రం ప్రశ్నలో ఇచ్చిన విలువనే వాడు. పట్టికలు బట్టీ పట్టొద్దు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఈసారి ల్యాబ్‌కి వెళ్లినప్పుడు సార్‌ని అడిగి రెండు టెస్ట్ ట్యూబ్‌లు తీసుకో. ఒకదాంట్లో మెగ్నీషియం సల్ఫేట్, ఇంకోదాంట్లో పటిక ద్రావణం, రెండూ పలచగా. రెండింటికీ అమోనియం క్లోరైడ్ లేకుండానే అమోనియా పోసి చూడు. రెండింటిలోనూ తెల్లగా వస్తుంది, చూడటానికి తేడా అంతగా తెలియదు. నువ్వు పొరబడిన చోటు అదే. ఇప్పుడు రెండింటిలోనూ ఘన అమోనియం క్లోరైడ్ రెండు మూడు చెంచాలు వేసి బాగా కదుపు. మెగ్నీషియం ట్యూబ్ తేటపడుతుంది. పటిక ట్యూబ్‌లో తెల్లటి ముద్ద అలాగే ఉంటుంది. తేటపడ్డ ట్యూబ్‌లో మెగ్నీషియం ఎక్కడికీ పోలేదు. దాన్నే ఉంచుకుని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ వేసి గాజు కడ్డీతో లోపలి గోడను గీకు. ఆరో గ్రూపు అవక్షేపం తెల్లగా దిగుతుంది. రికార్డులో ఈ మూడు మెట్లకూ పక్కన హైడ్రాక్సైడ్ గాఢత ఎంతో లెక్కగట్టి రాసుకో, రాసింది నాకు పంపు.